ఎదురొచ్చే తెర

ఉమెగాకి సతొమి కళ్ళకు గంతలు కట్టుకుని కారులో కూర్చుంటుందని మా కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకు మొదటి వారంలోనే ఎవరో ఒకరు చెబుతారు. నమ్మనివాళ్ళను మూడో అంతస్తుకు తీసుకెళ్ళి చూపిస్తారు. అక్కడ చెక్కతో, మట్టితో చేసిన సగం కారు ఒకటుంది. దానికి చక్రాలు లేవు, తలుపులు లేవు, సీటూ స్టీరింగూ డ్యాష్‌బోర్డూ మాత్రం ఉన్నాయి. సతొమి నల్లగుడ్డ కట్టుకుని అందులో కూర్చుని ఎడమ చెయ్యి చాపుతుంది. హీటరు నాబ్ మొదటిసారే చేతికి తగిలితే సరే. రెండోసారి వెతుక్కోవలసి వచ్చిందా, దాన్ని అక్కడ పెట్టినవాడికి ఆ పూట అన్నం సహించదు.

ఈ పిచ్చి ఆమెకు తల్లి నుంచి వచ్చింది. తల్లి హిరోషిమా శివార్లలో రైలు స్టేషన్ పక్కన ఒకొనొమియాకి కొట్టు నడిపేది. పెద్ద ఇనుప పెనం మీద పిండి పరిచి, క్యాబేజీ గుట్టగా పోసి, నూడుల్స్ వేసి తిరగేస్తూ, ఎదురుగా కూర్చున్న పదిమందితో ఒకేసారి కబుర్లాడేది. చెయ్యి మాత్రం సాసు డబ్బా దగ్గరికి తన దారిన తాను వెళ్ళొచ్చేది. ఎవరైనా ఆ డబ్బాను జానెడు పక్కకు జరిపితే, "నా చెయ్యి ఎక్కడ పెట్టావే?" అని కేకలేసేది. కంపెనీలో ఇరవై ఏళ్ళుగా సతొమి చేస్తున్న పని అంతా ఆ పెనం దగ్గర నేర్చుకున్నదే.

ఆరేళ్ళ కిందట పైవాళ్ళు బటన్లన్నీ తీసెయ్యమన్నారు. డ్యాష్‌బోర్డు మధ్యన ఒకటే పెద్ద టచ్‌స్క్రీన్. వేగం చూపే అంకె దగ్గర నుంచి హీటరు దాకా అన్నీ అందులోనే. అద్దమైతే చవక, పైగా కొనేవాళ్ళు చూసి అబ్బో అంటారు. సతొమి రెండు నెలలు పోట్లాడింది. అద్దం మీద చేతికేం తగులుతుంది, కళ్ళు రోడ్డు మీద ఉంచాలా తెర మీద ఉంచాలా అని ప్రతి మీటింగులోనూ అడిగింది. ఎవరూ వినలేదు. అయితే ఆమె అలిగి మూల కూర్చునే రకం కాదు. తప్పదన్నప్పుడు ఆ పాడు తెరనే తెలివైనదిగా చేద్దామని పంతం పట్టింది.

ఆరేళ్ళు పట్టింది గానీ చేసి చూపించింది. తెరకు వేలు తగలక్కర్లేదు, దగ్గరికి వస్తే చాలు. వేలు వస్తోందని తెలియగానే వేగం అంకె చిన్నదై మూలకు జరిగి చోటిస్తుంది. హీటరు, పాటలు, దారి పటం, ముందు అద్దం మీది ఆవిరిని పోగొట్టేది, ఏది కావాల్సి వస్తుందో అది పెద్దదై వేలికి ఎదురొస్తుంది. అడగకముందే చేతికి అందిస్తుంది. దానికి ఆమే పేరు పెట్టింది, ఎదురొచ్చే తెర అని. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు గానీ, ఈ పిల్లను మా ఆఫీసులో కాకులన్నీ ముద్దుచేశాయి. విభాగం పెద్ద కుమాబె గారు నలుగురి ముందూ మెచ్చుకున్నారు. ఆయన మెచ్చుకోవడం అంటే మాకు ఒలింపిక్స్ లెక్క, నాలుగేళ్ళకోసారి.

ఇక మిగిలింది సంతకాల బదులు వేసే ముద్రలు. జూన్ నెల రెండో బుధవారం ఆమోదపు పత్రం మీద ముందు సతొమి ముద్ర, తర్వాత కుమాబె గారి ముద్ర పడాలి. అవి పడ్డాయంటే కారు నమూనాలు ఫ్యాక్టరీలో అచ్చులు కోయడానికి వెళ్ళిపోతాయి. ఆపైన నాలుగేళ్ళ దాకా ఆ కారులో దేవుడు కూడా ఏమీ మార్చలేడు. దానికి ముందు శనివారం చివరి పరీక్ష పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి అరవై ఐదేళ్ళు దాటినవాళ్ళు ఇరవై నలుగురు వస్తారు. కంపెనీ వెనకాల మైదానంలో ఒక్కొక్కరూ కారు నడుపుతూ, చెప్పిన పనులు తెర మీద చెయ్యాలి.

పన్నెండో మనిషి హత్సునో తొకిజి గారు. డెబ్బై ఒక్క ఏళ్ళు. నలభై ఏళ్ళు ట్రాము నడిపి రిటైరయ్యారు. మనిషి సన్నగా, నిటారుగా ఉన్నారు. కంపెనీ పెట్టిన భోజనం డబ్బాను ఒక్క మెతుకు మిగలకుండా తిని, వంటవాళ్ళకు చెప్పమని రెండుసార్లు చెప్పారు. జేబులోంచి తెల్ల గ్లౌజులు తీసి తొడుక్కుంటుంటే సతొమి నవ్వింది.

"అంత దూరం నుంచి గ్లౌజులు కూడా తెచ్చుకున్నారా?"

"అవి లేకపోతే చేతులు నావి కానట్టుంటాయమ్మా. ఇంతకీ ముందే చెబుతున్నా, ట్రాముకు స్టీరింగు ఉండదు. అది పట్టాల మీద పోతుంది. నలభై ఏళ్ళూ నేను చేసిందల్లా ఆపడమే."

"ఆపడం వస్తే చాలండి. మా కుర్రాళ్ళకు అదే రావడం లేదు."

సతొమి ఆయన పక్క సీట్లో కూర్చుంది. వెనక సీట్లో నోజిమా అనే సహోద్యోగిని కెమెరాలు చూసుకుంటోంది. హత్సునో గారు బండిని మెత్తగా కదిలించారు. ట్రాము డ్రైవర్లు చేసేట్టే వేలు చాపి చూపిస్తూ, పైకి చెబుతూ నడుపుతున్నారు. "ముందు దారి, సరి." "కుడి అద్దం, సరి." వినడానికి ముచ్చటగా ఉంది. ఇంత జాగ్రత్తగా నడిపే మనిషి పొద్దుట్నుంచీ రాలేదని సతొమి అనుకుంది కూడా.

వేగం నలభైకి వచ్చింది. ముందు మలుపుంది. ఇరువైపులా నారింజ రంగు ప్లాస్టిక్ కోన్లు వరసగా పెట్టి ఉన్నాయి. మలుపుకు ముందు వేగం చూసుకోవడం ఆయనకు అలవాటు. ఎడమ చేతి చూపుడు వేలును తెర మీది అంకె వైపు చాపారు.

"వేగం..."

వేలు వస్తోందని తెరకు తెలిసింది. ఏదో కావాలి కాబోలనుకుంది. నలభై అనే అంకె చిన్నదై మూలకు పోయింది. హీటరూ పాటలూ పెద్దవై ఎదురొచ్చాయి.

"వేగం..." అన్నారాయన మళ్ళీ.

ట్రాము డ్రైవర్లకు మొదటిరోజు నేర్పే పాఠం ఒకటుంది. చూడాల్సింది కంటికి కనబడి, అది నోటితో చెప్పేదాకా వేలు దించకూడదు. నలభై ఏళ్ళు ఆయన ఆ పాఠం తప్పలేదు, ఇప్పుడూ తప్పలేదు. వేలు అక్కడ ఉన్నంతసేపూ తెర అంకెను పక్కన పెట్టే ఉంచింది. గుమ్మంలో ఎదురుపడిన ఇద్దరు మర్యాదస్తులు ముందు మీరంటే ముందు మీరని నిలబడిపోయినట్టు, ఆయన అంకె కోసం ఆగారు, తెర ఆయన వేలు కోసం ఆగింది. ఆయన కళ్ళు దాని మీదే ఉన్నాయి. కారు మాత్రం ఆగలేదు.

మొదటి కోన్ ఎగిరి సతొమి కిటికీకి తగిలింది. తర్వాత ఎన్నో లెక్కపెట్టలేదు. ఆమె కాలు తనవైపు లేని బ్రేకును నేలలోకి తొక్కుతోంది. వెనక నుంచి నోజిమా "బ్రేకండీ, బ్రేకు" అని అరిచాక కారు ఆగింది. కోన్ ఒకటి ముందు చక్రం కింద నలుగుతూ కీచుమంది.

హత్సునో గారు దిగి వెనక్కి నడిచి చూశారు. పడినవి తొమ్మిది కోన్లు. గ్లౌజులు విప్పి మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ తర్వాత సతొమి వైపు తిరిగి నడుము వంచి, అలాగే ఉండిపోయారు.

"క్షమించమ్మా. నాకు వయసైపోయింది. ఇంకా చెయ్యి తిరుగుతుందని మా ఆవిడకు రోజూ చెబుతున్నా. తిరగడం లేదు."

మీ చేతి తప్పు కాదండీ, తెర తప్పు. ఈ మాట సతొమి నాలుక చివరి దాకా వచ్చింది. ఆమెకు ఆ క్షణంలోనే అంతా తెలిసిపోయింది. అంకె ఎందుకు మాయమైందో, ఎందుకు తిరిగి రాలేదో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద లేరు. కానీ గుడారం కింద ఇంకా పన్నెండు మంది వరసలో ఉన్నారు. వాళ్ళ పక్కన కుమాబె గారు చేతులు కట్టుకుని నిలబడి ఇటే చూస్తున్నారు.

"పర్లేదండీ. ఎవరికైనా జరుగుతుంది. మనసులో పెట్టుకోకండి" అంది.

మా ఊళ్ళో ఈ మాటకు అర్థం ఏమిటో పసిపిల్లలకు కూడా తెలుసు. తప్పు నీదే, కానీ నేను పెద్దమనసుతో వదిలేస్తున్నాను అని. హత్సునో గారు ఇంకోసారి వంగి, బస్సు వైపు నడిచి వెళ్ళిపోయారు. కాగితం మీద కారణం అనే గడిలో సతొమి 'వయసు, పాత అలవాటు' అని రాసింది.

ఇరవై నలుగురిలో ఇరవై ముగ్గురు నెగ్గారు. మిగిలిన ఒక్కరి గురించి కుమాబె గారు ఒక్క మాటే అన్నారు. "ట్రాము డ్రైవరు కదా. కార్లు కొనేవాళ్ళందరూ ట్రాములు నడిపి రారు."

సోమవారం పొద్దున్న సతొమికి కుదురు లేదు. రెండు రోజులుగా కళ్ళు మూసుకుంటే ఆ తెల్ల గ్లౌజు వేలు కనబడుతోంది. ఈ పీడ వదిలించుకుందామని నోజిమాను పిలిచింది.

"నేనే నడుపుతాను. కెమెరాలు పెట్టు. తెరను తెలిసినవాళ్ళు వాడితే ఎలా ఉంటుందో ఒక వీడియో ఉండాలి. బుధవారం చూపిద్దాం."

"శనివారం పెట్టినవన్నీ పెట్టాలా అండీ? అట్టబొమ్మ కూడా?"

"నాకెందుకే బొమ్మ. నేనే కదా."

అట్టబొమ్మ అంటే అట్టతో చేసిన పాప బొమ్మ. పసుప్పచ్చ టోపీ, వీపున ఎర్ర సంచి, బడికి పోయే పిల్లల వేషం. నడిపేవాళ్ళు పని చేసుకుంటూ రోడ్డును కూడా చూస్తున్నారో లేదో తెలుసుకోవడానికి మనుషులు రోడ్డు దాటే తెల్లచారల దాటుదారి పక్కన నిలబెడతారు.

సతొమి కారెక్కింది. నలభైలో పోతూ తెర మీద అద్దం ఆవిరి పోగొట్టేదాన్ని నొక్కింది, హీటరు రెండు మెట్లు తగ్గించింది, పాట మార్చింది. వేలు ఎటు పోతే అటు తెర ఎదురొచ్చింది. ఆమె చేతిలో అది నిజంగా పెంపుడు పిల్లిలా ఒదిగింది. తిరిగి వచ్చి ఆపేసరికి మనసు తేలికపడింది. బాగానే ఉంది, తప్పు పాపం ఆ పెద్దాయన అలవాటుదే అనుకుంది. నోజిమా ఇచ్చిన కాగితం నింపుతూ, బొమ్మను చూశారా లేదా అన్న గడి దగ్గర 'పెట్టలేదు' అని రాసింది.

నోజిమా ఆ గడిని చూసింది.

"పెట్టానండీ" అంది మెల్లగా.

"వద్దన్నాను కదా."

"పద్ధతి కాగితంలో ఉంది కదా అని పెట్టాను. దాటుదారి దగ్గర."

"లేదు నోజిమా. ఉంటే చూడనా?"

నోజిమా కెమెరా పెట్టె తెచ్చి వీడియో తిప్పింది. వీడియోలో సగం మీద సతొమి ముఖం, సగం మీద రోడ్డు. ముఖం నవ్వుతోంది. కళ్ళు కిందికి, పక్కకు, తెర మీదికి దిగాయి. కింద అంకెలు పరుగెడుతున్నాయి. ఒక సెకను. రెండు. రెండు సెకన్లు దాటి ఎవరి కళ్ళూ రోడ్డు వదలకూడదని ఈ కంపెనీలో రూలు రాసింది సతొమే. మూడు. మూడున్నర. రోడ్డు ఉన్న సగంలో పసుప్పచ్చ టోపీ దూరం నుంచి పెద్దదవుతూ వచ్చింది. బొమ్మ దాటుదారి అంచున కాదు, గాలికి జరిగిందో ఏమో, రెండడుగులు లోపలికే ఉంది. కారు దాని భుజానికి బెత్తెడు దూరంలోంచి పోయింది. సతొమి ముఖం ఇంకా నవ్వుతూనే ఉంది. నాలుగు సెకన్లు దాటాక ఆమె తలెత్తి, ఖాళీ రోడ్డును చూసి, తృప్తిగా తలాడించింది.

"మళ్ళీ తిప్పు" అంది.

నోజిమా మళ్ళీ తిప్పింది. ఆరుసార్లు తిప్పింది. ఆరోసారీ సతొమికి ఆ పాప గుర్తు రాలేదు. అది ఆమెను భయపెట్టింది. చూసి మరిచిపోయి ఉంటే అది వేరు. ఆమె అసలు చూడనే లేదు. ఇరవై ఏళ్ళు మనుషుల చూపుల లెక్కలు రాసిన మనిషి, కళ్ళకు గంతలు కట్టుకుని ఊరికి పాఠాలు చెప్పిన మనిషి, గంతలు లేకుండా పట్టపగలు ఒక పిల్లను చూడలేదు. అక్కడే సిమెంటు నేల మీద కూలబడింది.

"మరి శనివారం వాళ్ళు? ఇరవై ముగ్గురూ బొమ్మను చూశారు కదా" అంది.

ఆ వీడియోలన్నీ కూర్చుని చూశారు. ఇరవై ముగ్గురూ తెర జోలికి పోవాల్సి వచ్చినప్పుడల్లా కారును నడక వేగానికి తెచ్చేశారు. కొందరు పూర్తిగా ఆపేశారు. ఒక బామ్మగారైతే బండి ఆపి, కళ్ళద్దాలు మార్చుకుని, తెరకు నమస్కారం పెట్టి మరీ నొక్కింది. మైదానంలో వెనకాల ఎవరూ హారన్ కొట్టరు కాబట్టి అందరూ నెగ్గారు. రోడ్డు మీద నడిపినట్టు నడిపింది ఇద్దరే. హత్సునో గారు ఒకరు, తాను ఒకత్తె.

సాయంత్రం ఐదింటికి ఆమె పేర్ల జాబితా తీసి హత్సునో గారి ఫోన్ నంబరు చూసింది. ఫోన్ చేతిలోకి తీసుకుంది కూడా. కానీ కంపెనీలో ఇంకా ఎవరికీ చెప్పలేదు. తెరలో లోపం ఉందని ముందు బయటివాడికి చెబితే కుమాబె గారు తల తీసేస్తారు. బుధవారం మీటింగు అయ్యాక చెబుదాం, అప్పుడు కంపెనీ తరఫున మర్యాదగా చెప్పవచ్చు, రెండు రోజుల్లో కొంపలు మునిగిపోవు కదా అనుకుంది. ఫోన్ బల్ల మీద పెట్టేసింది.

బుధవారం వాన. కుమాబె గారి గదిలో ఆమోదపు పత్రం బల్ల మీద ఉంది. సతొమి తన వీడియో చూపించింది. ఆయన రెండుసార్లు చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"నువ్వు ఏదో ఆలోచనలో ఉన్నావు ఆ రోజు."

"తెర గురించే ఆలోచిస్తున్నానండి. అదే తప్పు."

"ఉమెగాకీ, ఆరేళ్ళు దీనికోసం నువ్వు ఇంటికి సరిగ్గా పోలేదు. ఇది నీ తెర."

"నాదే. అందుకే ముద్ర వెయ్యను."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. కుర్రతనంలో ఆయన కంపెనీ టెస్ట్ డ్రైవరు. ఆ గర్వం ఇంకా చావలేదు.

"సరే పద. నేను నడుపుతా. బొమ్మ ఉంటుందని నాకు తెలుసు. తెలిసినవాణ్ణి మోసం చెయ్యడం నీ తెర వల్ల కాదు."

సతొమి, నోజిమా వెనక కూర్చున్నారు. వానలో ముగ్గురు ఊపిరి వదిలేసరికి ముందు అద్దం పాలు పోసినట్టు తెల్లబడింది. అద్దం మీది ఆవిరిని తెరతో పోగొట్టమని సతొమి చెప్పింది. ఆయన కళ్ళు రోడ్డు మీద నుంచి ఒక్క రవ్వ కదల్చలేదు. ఎడమ చెయ్యి తెర మీద తడుముకుంది. వేలు కదిలినప్పుడల్లా తెర కొత్తది ఏదో ఎదురు తెచ్చింది. పాట మోగింది. పాట ఆగింది. హీటరు వేడిగా ముఖాన కొట్టింది. ఆయన పళ్ళ మధ్య నుంచి ఏదో తిట్టు బయటికొచ్చింది. దాటుదారి దగ్గరయింది. బ్రేకు పడింది. బొమ్మకు నాలుగు మీటర్ల ముందే కారు ఆగింది.

"చూశావా. ఆపాను" అన్నారు కుమాబె గారు వెనక్కి తిరిగి.

"ఆపారండి. అద్దం ఎలా కనబడింది?"

అద్దం మీద ఆయన కళ్ళ ఎదురుగా పళ్ళెమంత మేర తుడిచి ఉంది. కుడి చేతి చొక్కా మోచేతి దాకా తడిసి, ముంజేతికి అంటుకుపోయి ఉంది. ఎప్పుడు తుడిచారో ఆయనకే తెలియదు. ఆ తడి చేతిని ఆయన ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసుకున్నారు. తిరిగి వచ్చాక పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "అచ్చులవాళ్ళకు నేను చెబుతా, ఏడాది ఆగమని. నువ్వు మళ్ళీ నాబ్‌లు గియ్యి" అన్నారు. ఆరేళ్ళ పని అక్కడితో ముగిసింది. సతొమి తనకు ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. వెంటనే గుర్తొచ్చింది, ఇంకొక చోట కూడా చెప్పాలని.

గురువారం సెలవు పెట్టి, మేపుల్ ఆకు ఆకారపు తీపి కేకుల డబ్బా ఒకటి కొనుక్కుని హత్సునో గారి ఊరు కురే వెళ్ళింది. ఆయన ఇల్లు కొండవాలులో ఉంది. వీధి నుంచి మెట్లు ఎక్కాలి. మెట్ల కింద రేకుల షెడ్డుంది. అది ఖాళీగా ఉంది. నేల మీద నాలుగు చక్రాల గుర్తులు, మధ్యన నూనె మరక ఉన్నాయి. ఎటో వెళ్ళినట్టున్నారు, వచ్చేదాకా కూర్చుందామనుకుంటూ మెట్లెక్కింది. తలుపు తీసింది హత్సునో గారే.

లోపల ఆయన భార్య తొమియె గారు పరుపు మీద కూర్చుని ఉన్నారు. ఎడమ చేతికి కట్టు ఉంది. వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించుకోవాలట. ఈ సంగతి శనివారం కాగితాల్లో లేదు. వయసు రాయమన్న గడి ఉంది గానీ కారు దేనికి నడుపుతారని అడిగే గడి లేదు. దాన్ని తయారుచేసింది కూడా సతొమే.

ఆమె నేల మీద కూర్చుని అంతా చెప్పింది. వేలు వస్తే అంకె పక్కకు పోతుందని, అలా చేసింది తానేనని, ఆయన చూపించినట్టు వేలు చూపిస్తే ఎంతటివాడైనా అంతేనని, తాను అట్టపాపను చూడలేదని, కారు తయారీ ఆగిపోయిందని.

"అయితే నా చెయ్యి బాగానే ఉందా?" అన్నారు హత్సునో గారు.

"మీ చెయ్యే బాగుందండీ. మా అందరికంటే."

ఆయన తన చేతిని చూసుకున్నారు. లేచి, గూట్లోంచి ఒక చిన్న కార్డు తెచ్చి ఆమె ముందు పెట్టారు. ఇన్నేళ్ళు బండి నడిపారని పోలీసులు ఇచ్చే కార్డు అది. లైసెన్సు తిరిగి ఇచ్చేసినవాళ్ళకు ఇస్తారు.

"మంగళవారం ఇచ్చేశానమ్మా. కారును నిన్న ఎవరో పట్టుకెళ్ళారు. ఎవరినైనా గుద్దేదాకా ఎందుకని."

తిరిగి ఇచ్చిన లైసెన్సు వెనక్కి రాదు. మొదటి నుంచి పరీక్షలన్నీ రాయాలి. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి రాయడు. మంగళవారం. సోమవారం సాయంత్రం ఫోన్ ఆమె చేతిలో ఉంది. నంబరు కళ్ళ ముందు ఉంది.

"ఇప్పుడు ఆసుపత్రికి ఎలా?" అంది.

"రెండు బస్సులు. నిన్న వెళ్ళొచ్చాం. వచ్చేటప్పుడు ఈవిడకు మెట్ల మీద కళ్ళు తిరిగాయి. అలవాటైపోతుందిలే" అని ఆయన టీ కప్పును ఆమె వైపు జరిపారు. "నువ్వు కావాలని చేశావా ఏంటి. ఇంత దూరం వచ్చి చెప్పావు, అది చాలు నాకు."

"చాలదు" అన్నారు తొమియె గారు.

ఆవిడ గొంతు పెంచలేదు.

"ఆ రోజు కోన్లు పడినప్పుడే తెలుసా నీకు, ఈయన తప్పు కాదని?"

సతొమి అబద్ధం చెప్పగలిగేది. మీటింగులో తేలిందంటే నమ్మేవారు.

"తెలుసండి" అంది.

"శనివారం రాత్రి ఈయన అన్నం తినలేదు. ఆదివారం తినలేదు. సోమవారమంతా గ్లౌజులు ఉతికి ఇస్త్రీ చేసుకున్నాడు. మంగళవారం అవి తొడుక్కుని వెళ్ళి ఇచ్చేసి వచ్చాడు. మూడు రోజులున్నాయి నీకు. ఎందుకు చెప్పలేదు?"

హత్సునో గారు "ఊరుకోవే" అన్నారు. ఆవిడ జవాబు కోసం సతొమినే చూస్తూ కూర్చున్నారు. సతొమి జవాబు వెతుక్కుంది. వరసలో పన్నెండు మంది ఉన్నారని, పెద్దాయన చూస్తున్నారని, బుధవారం మీటింగు ఉందని. ఈ గదిలో ఆ మాటల్లో ఒక్కటీ నోటితో చెప్పదగ్గది కాదు. తల వంచి నుదురు చాపకు ఆనించింది, అలాగే ఉండిపోయింది, లేవమని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు.